సున్నం పడిన కన్ను: ముందు అంచు, ఆ తర్వాతే కార్నియా

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. మీ మేనకోడలికి 7 ఏళ్లు. 14 నెలల కిందట సెలవులకు మీ ఇంటికి వచ్చినప్పుడు, మీ అమ్మగారి ఆకువక్కల పెట్టెలోని సున్నం ప్యాకెట్టును నొక్కుతూ ఆడుకుంటుంటే అది చిట్లి ఎడమ కంట్లో పడింది. ఇప్పుడు ఆ కంటి నల్లగుడ్డంతా తెల్లగా పువ్వు కమ్మింది. దాని మీదికి ఎర్రటి నరాలు పాకాయి. ఎదురుగా చేయి ఊపితే తెలుస్తుంది తప్ప వేళ్లు లెక్కపెట్టలేదు. కుడి కన్ను బాగుంది. ఒక వైద్యుడు కార్నియా మార్చాలని చెప్పి నేత్రనిధిలో పేరు రాయించారు. మరొకరు కుడి కంటి నుంచి మూలకణాలు (స్టెమ్ సెల్స్, అంటే కొత్త కణాలను పుట్టించే కణాలు) తీసి ఎడమ కంట్లో పెట్టాలన్నారు. ఉన్న ఒక్క మంచి కన్నును ఎవరినీ ముట్టుకోనివ్వనని మీ అక్కగారు అంటున్నారు. అమెరికాలో ఉన్న బంధువు ఒకరు అక్కడ కొత్త చికిత్స వచ్చిందని, కొంతకాలం ఆగమని చెబుతున్నారు. ఎవరి మాట వినాలన్నది మీ ప్రశ్న.

నేను 24 ఏళ్లుగా కార్నియా శస్త్రచికిత్సలు చేస్తున్న వైద్యురాలిని. పాపను చూడకుండా నిర్ణయం చెప్పలేను. అయితే మీ వర్ణన సరైనదే అయితే రెండో వైద్యుడు చెప్పిన దారే ముందు ఆలోచించాల్సింది. కార్నియా మార్పిడి అవసరం పడవచ్చు, పడకపోవచ్చు. పడినా అది రెండో మెట్టు. మొదటి మెట్టుగా దాన్ని ఎక్కితే జారిపడడం దాదాపు ఖాయం. ఎందుకో కొంచెం వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే ఈ ఒక్క సంగతి తెలియక చాలా కళ్లు పాడయ్యాయి.

మనం నల్లగుడ్డు అనేది నిజానికి గాజులా పారదర్శకమైన కార్నియా. దాని పై పొరలోని కణాలు రోజూ అరిగి రాలిపోతూ ఉంటాయి. రాలినవాటి స్థానంలోకి కొత్త కణాలు రావాలి. అవి పుట్టేది నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే సన్నటి అంచులో. లింబస్ అంటారు దాన్ని. వరి పండించేవారికి వెంటనే అర్థమయ్యేలా చెప్పాలంటే ఆ అంచు నారుమడి, కార్నియా పొలం. నారుమడిలో మొలిచిన నారు నిత్యం పొలంలోకి జరుగుతూ ఉంటేనే పైరు నిలుస్తుంది. ఆ అంచు మరో పని కూడా చేస్తుంది. తెల్లగుడ్డు మీది పొర, దానిలోని రక్తనాళాలు కార్నియా మీదికి రాకుండా గట్టులా ఆపుతుంది. సున్నం ఆ నారుమడిని కాల్చేసింది. గట్టు తెగింది. అందుకే తెల్లగుడ్డు పొర నల్లగుడ్డు మీదికి పాకింది. మీరు చూస్తున్న ఎర్ర నరాలు అవే.

ఇప్పుడు ఎవరో మహానుభావులు దానం చేసిన స్వచ్ఛమైన కార్నియాను తెచ్చి మధ్యలో కుట్టారనుకోండి. దానితో వచ్చిన పై పొర కొద్ది వారాల్లో, మహా అయితే కొద్ది నెలల్లో రాలిపోతుంది. దాన్ని తిరిగి కప్పాల్సిన కణాలు పాప కంటి అంచు నుంచే రావాలి. అక్కడ అవి లేవు. మళ్లీ పుండు పడుతుంది, మళ్లీ నరాలు పాకుతాయి, వాటి వెంట శరీర రక్షణ వ్యవస్థ వచ్చి కొత్త కార్నియాను తిరస్కరిస్తుంది. నా తొలి రోజుల్లో ఇలా కుట్టిన కార్నియాలు ఏడాది తిరగకుండానే తెల్లబడడం కళ్లారా చూశాను. ఒక కుటుంబం కంటతడితో ఇచ్చిన దానం అది. మరో కుటుంబం ఆశతో చేయించుకున్న ఆపరేషన్ అది. రెండూ వృథా అయిన రోజులు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

చరిత్రలో ఒక విశేషం ఉంది. లోకంలో విజయవంతమైన మొట్టమొదటి కార్నియా మార్పిడి జరిగింది సున్నం పడిన కంటికే. 1905 డిసెంబర్ 7న, ఇప్పటి చెక్ దేశంలోని ఓలొమౌట్స్ పట్టణంలో ఎడ్వర్డ్ జిర్మ్ అనే వైద్యుడు అలోయిస్ గ్లోగార్ అనే కూలీకి ఆ ఆపరేషన్ చేశారు. సున్నం వల్ల అతని రెండు కళ్లూ పోయాయి. రెండింటికీ కార్నియా పెడితే ఒకటి చెడిపోయింది, ఒకటి స్వచ్ఛంగా నిలిచింది. ఆ నిలిచిన కంట్లో అంచు కణాలు కొన్ని బతికి ఉండాలని నా ఊహ. ఆ కణాల సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. తెలియడానికి మరో 80 ఏళ్లు పట్టింది. 1986లో న్యూయార్క్‌లో టుంగ్ టియెన్ సన్ బృందం కార్నియా పై పొరకు మూలకణాలు అంచులోనే ఉంటాయని ఆధారాలతో ప్రతిపాదించింది. 1989లో కెన్యన్, సెంగ్ అనే వైద్యులు మంచి కంటి అంచు నుంచి పెద్ద ముక్కలు కోసి దెబ్బతిన్న కంటికి అతికే పద్ధతిని ప్రచురించారు. ఆ పద్ధతి పని చేసింది. అయితే మంచి కంటి అంచులో దాదాపు మూడో వంతు, ఒక్కోసారి సగం దాకా తీయాల్సి వచ్చేది. మీ అక్కగారి భయం ఆ రోజుల్లో వైద్యులకూ ఉండేది.

ఆ భయానికి సమాధానంగా ఇటలీలో గ్రాజియెల్లా పెల్లెగ్రీని, మికేలె డె లూకా కొత్త దారి వేశారు. మంచి కంటి నుంచి చిన్న ముక్క మాత్రమే తీసి, దానిలోని కణాలను ప్రయోగశాలలో పొరగా పెంచి, ఆ పొరను దెబ్బతిన్న కంటికి వేయడం. 1997లో మొదటి ఇద్దరి ఫలితాలు వచ్చాయి. 2010లో 112 మంది రోగుల ఫలితాలు వెలువడ్డాయి. లెక్కలోకి తీసుకున్న కళ్లలో 76.6 శాతంలో కార్నియా పై పొర శాశ్వతంగా నిలిచింది. 2015లో ఐరోపాలో హోలోక్లార్ పేరుతో దీనికి అనుమతి దొరికింది. ఇది గొప్ప విజ్ఞానం. కానీ దీనికి మందుల తయారీ స్థాయి ప్రమాణాలున్న ప్రయోగశాల కావాలి, వారాల సమయం కావాలి, ఖర్చు సామాన్యుడి ఊహకు అందనంత. సున్నం ఎక్కువగా పడేది రోజుకూలీల కళ్లల్లో, పిల్లల కళ్లల్లో.

హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ ఈ బాటలో 2001లోనే అడుగు పెట్టింది. కంటి వైద్యుడు వీరేందర్ సాంగ్వాన్, కణాల పెంపకం చూసిన వైద్యురాలు గీత వేముగంటి, వారి సహచరులు ఇటలీ పద్ధతిలో కణాలు పెరగడానికి అడుగున వేసే ఎలుక కణాల ఆసరా లేకుండా, రోగి సొంత రక్తరసం వాడి, ఉమ్మనీటి సంచి పొర మీద కణాలను పెంచారు. పదేళ్లలో 200 మందికి చేసి, వారిలో 71 శాతం మందికి ఫలించిందని 2011లో ప్రచురించారు. అంతటితో ఆగి ఉంటే అది మంచి పనే అయ్యేది. వాళ్లు ఇంకో ప్రశ్న వేసుకున్నారు: నారును వేరే చోట పెంచి తెచ్చి నాటడం ఎందుకు, నేరుగా పొలంలోనే విత్తితే మొలవదా?

మొలిచింది. 2012లో ఆరుగురి ఫలితాలతో బయటికి వచ్చిన ఆ పద్ధతిని స్లెట్ (సింపుల్ లింబల్ ఎపిథీలియల్ ట్రాన్స్‌ప్లాంటేషన్) అంటారు. రెండో వైద్యుడు మీకు చెప్పింది బహుశా ఇదే. ఎలా చేస్తారో చెబుతాను. పిల్లలకు పూర్తి మత్తు ఇస్తారు. మంచి కంటి అంచు నుంచి 2 మిల్లీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల వెడల్పున్న పల్చటి ముక్క తీస్తారు. దెబ్బతిన్న కంట్లో నల్లగుడ్డు మీదికి పాకిన పొరను జాగ్రత్తగా ఒలిచి తీసేస్తారు. అలా బయటపడిన కార్నియా మీద ఉమ్మనీటి సంచి పొరను పరిచి, రక్తంలోని ప్రొటీన్‌తో చేసే ఫిబ్రిన్ జిగురుతో అతికిస్తారు. సిజేరియన్ కాన్పుల్లో తల్లుల అనుమతితో సేకరించి, పరీక్షించి, శుద్ధి చేసి భద్రపరచిన పొర అది. తర్వాత ఆ చిన్న ముక్కను 8 నుంచి 10 తునకలుగా చేసి, చూపు ప్రసరించే నడిమి భాగాన్ని వదిలి, చుట్టూ వలయంలా పేర్చి, అదే జిగురుతో నిలుపుతారు. పైన మెత్తని కాంటాక్ట్ లెన్స్ కట్టులా వేస్తారు. ప్రయోగశాల లేదు, రెండో ఆపరేషన్ లేదు, ఒకే పూటలో ముగుస్తుంది. ఒక్కో తునక నుంచి కణాలు పక్కలకు పాకి, రెండు మూడు వారాల్లో ఒకదానితో ఒకటి కలిసి కార్నియాను కప్పేస్తాయి. వారం తర్వాత దీపం కింద చూస్తే ఒక్కో తునక చుట్టూ కొత్త పొర ఎక్కడిదాకా వచ్చిందో గీతలా కనిపిస్తుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ గీత చూసిన రోజు నాకు పండగే.

ఈ పద్ధతితో 125 మందికి చేసిన ఫలితాలను 2016లో ప్రచురించారు. వారిలో దాదాపు సగం మంది పిల్లలే. సగటున ఏడాదిన్నర గడిచేసరికి 76 శాతం మందిలో పొర నిలిచింది. ప్రయోగశాలలో పెంచిన కణాలతో వచ్చిన ఫలితానికి ఇది ఏమాత్రం తీసిపోదు. వైద్యంలో ముందడుగు అంటే కొత్త యంత్రం, మరింత ఖరీదు అని మనకు అలవాటైపోయింది. ఇక్కడ ముందడుగు వేసింది ఒక మొత్తం ప్రయోగశాలను పక్కన పెట్టడం ద్వారా. అందుకే ఇప్పుడు దీన్ని అనేక దేశాల వైద్యులు చేస్తున్నారు.

మరి మిగిలిన నాలుగో వంతు సంగతి? దాన్ని దాచకూడదు. విఫలమైన కళ్లను పరిశీలిస్తే కొన్ని కారణాలు తేలాయి: రెప్పలు గుడ్డుకు బాగా అతుక్కుపోయి ఉండడం, ఆమ్లం వల్ల అయిన గాయం, అతికించిన తునకలు ఊడిపోవడం, కార్నియా మార్పిడిని అదే పూట కలిపి చేయడం. చివరిది మీరు ప్రత్యేకంగా గమనించండి. కణాలను ప్రయోగశాలలో పెంచి వేసిన రోజుల్లోనూ ఇదే కనిపించింది. రెండూ ఒకేసారి చేసిన కళ్లలో ఏడాది తర్వాత కార్నియా నిలిచింది దాదాపు నాలుగో వంతులోనే. ముందు పొరను నిలిపి, కంటి ఎర్రదనం, వాపు తగ్గనిచ్చి, నెలల తర్వాత కార్నియా వేసినవాటిలో 80 శాతం నిలిచాయి. కాబట్టి ‘ఎలాగూ మత్తు ఇస్తున్నాం, రెండూ ఒకేసారి చేసేద్దాం’ అని ఎవరైనా అంటే వద్దనండి. పిల్లల్లో అయితే మరీ వద్దు. పిల్లల కళ్లు పరాయి కార్నియాను పెద్దల కళ్లకంటే తొందరగా తిరస్కరిస్తాయి. పైగా, పై పొర కుదురుకున్నాక లోపలి మచ్చ కొంత పల్చబడి కార్నియా మార్పిడి అక్కర్లేకుండానే పనికొచ్చే చూపు వచ్చిన పిల్లలు ఎందరో ఉన్నారు. నేత్రనిధిలో పేరు ఉంచండి, అది ఎక్కడికీ పోదు.

ఇక మీ అక్కగారి భయం. ఆమెకు ఈ లెక్క చెప్పండి. కార్నియా అడ్డంగా సుమారు 11.5 మిల్లీమీటర్లు ఉంటుంది. దాని చుట్టుకొలత 36 మిల్లీమీటర్లు. అందులో తీసేది 2. అంటే పద్దెనిమిదో వంతు. తీసిన చోట గాయం కొద్ది రోజుల్లో మానిపోతుంది. నేను చేసిన వారిలో మంచి కంటి చూపు దీనివల్ల తగ్గిన పిల్లలు ఒక్కరూ లేరు. అయినా తల్లి భయాన్ని లెక్కలతో కొట్టిపారేయడం నాకు ఇష్టం ఉండదు. ఆమెను వైద్యుడి ఎదుట కూర్చోబెట్టండి, తీయబోయే చోటును అద్దంలో పాప కంటి మీదే చూపించమనండి. చాలామంది తల్లులు ఆ చోటు ఎంత చిన్నదో చూశాకే స్థిమితపడ్డారు. ఒక్క షరతు ఉంది. ప్రమాదం జరిగిన రోజు కుడి కంట్లోకి కూడా చిటికెడు సున్నం చింది ఉంటే, బయటికి బాగున్నట్టు కనిపించే ఆ అంచు కూడా కొంత దెబ్బతిని ఉండవచ్చు. కుడి కంటి అంచును చుట్టూరా జాగ్రత్తగా పరీక్షించాకే కత్తి పెట్టాలి.

అమెరికా బంధువు చెప్పింది బోస్టన్‌లో జరిగిన పరిశోధన అయి ఉంటుంది. మసాచుసెట్స్ ఐ అండ్ ఇయర్ ఆస్పత్రిలో ఉలా జుర్కునస్ అనే వైద్యురాలి బృందం 14 మందికి చేసిన ఫలితాలు 2025లో వచ్చాయి. ఏడాదిన్నర తర్వాత పూర్తిగానో పాక్షికంగానో ఫలించినవి 90 శాతానికి పైగా ఉన్నాయి. అది కూడా మంచి కంటి నుంచి కణాలు తీసి, ప్రయోగశాలలో పెంచి వేసే పద్ధతే. అంటే కుడి కన్నును ముట్టుకోవడం అక్కడా తప్పదు. మన దగ్గర ఒకే పూటలో అయ్యేదాని కోసం అక్కడి దాకా వెళ్లడం, లేదా అది ఇక్కడికి వచ్చేదాకా ఆగడం నాకు సబబుగా అనిపించడం లేదు. జపాన్‌లో ఒసాకా విశ్వవిద్యాలయానికి చెందిన కోజి నిషిదా బృందం ఇంకా ముందుకు వెళ్లింది. వేరొకరి కణాలను మూలకణాలుగా వెనక్కి మార్చి, వాటి నుంచి కార్నియా పొరను తయారు చేసి 2019లో తొలిసారి మనిషికి వేశారు. నలుగురి ఫలితాలు 2024లో ప్రచురించారు. ఈ పరిశోధన పట్ల నాకు ఎంతో ఆశ ఉంది, ఎందుకంటే రెండు కళ్లూ కాలిపోయినవారికి తీసుకోవడానికి మంచి కన్నే ఉండదు. వారికి ఇవాళ ఉన్న దారులు కఠినమైనవి: రక్తసంబంధీకుల కంటి నుంచో దానం చేసిన కంటి నుంచో అంచు కణాలు తీసి, రక్షణ వ్యవస్థను అణిచే మందులను దీర్ఘకాలం వాడడం, లేదా కృత్రిమ కార్నియా. మీ పాపకు ఆ అవసరం లేదు.

స్టెమ్ సెల్ అన్న మాట వినగానే ఒక హెచ్చరిక చేయక తప్పదు. ఇంటర్నెట్‌లో వెతికితే పొట్ట కొవ్వు నుంచి తీసిన కణాలను కంట్లోకి ఎక్కిస్తామనే ప్రకటనలు దొరుకుతాయి. అమెరికాలోని ఫ్లోరిడాలో అలా రెండు కళ్లకూ ఒకే రోజు ఎక్కించుకున్న ముగ్గురు మహిళలు చూపు పోగొట్టుకున్న ఉదంతాన్ని 2017లో వైద్య పత్రికలు ప్రచురించాయి. అంచు కణాల మార్పిడికీ ఆ ఇంజెక్షన్లకూ ఏ పోలికా లేదు. కంటికి కావాల్సిన కణం కంటి అంచు నుంచే రావాలి.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని. కార్నియా వైద్యంలో ప్రత్యేక శిక్షణ పొంది, ఈ ఆపరేషన్ తరచుగా చేసే వైద్యుణ్ని కలవండి. ఆయన చూసే మొదటి విషయం కంట్లో తడి ఉందా లేదా అన్నది. ఎండిపోయిన కంట్లో ఏ నారూ బతకదు. తర్వాత రెప్పలు సరిగా మూసుకుంటున్నాయా, వెంట్రుకలు లోపలికి తిరిగి గుచ్చుకుంటున్నాయా, రెప్ప లోపలి భాగం గుడ్డుకు అతుక్కుందా అని చూస్తారు. ఇవి ఉంటే ముందు వాటిని సరిచేస్తారు. కంటిలోపలి ఒత్తిడి కూడా చూడాలి, సున్నం లాంటి క్షారం దాన్ని పెంచుతుంది. గాయం తర్వాత ఎర్రదనం, వాపు తగ్గేదాకా సాధారణంగా ఆరు నెలలైనా ఆగుతాం. మీకు 14 నెలలు గడిచాయి కాబట్టి ఆ గడువు దాటింది.

ఇక ఆలస్యం వద్దు. కారణం పాప వయసు. కంటి నుంచి వచ్చే బొమ్మను చదవడం మెదడు చిన్నతనంలోనే నేర్చుకుంటుంది. సుమారు 8 ఏళ్ల లోపు ఒక కంటి నుంచి స్పష్టమైన బొమ్మ రాకపోతే మెదడు ఆ కంటిని పట్టించుకోవడం మానేస్తుంది. ఆ తర్వాత కార్నియా అద్దంలా మెరిసినా చూపు రాకపోవచ్చు. అందుకే ఆపరేషన్ తర్వాత అద్దాలు, అవసరమైతే ప్రత్యేక కాంటాక్ట్ లెన్స్, రోజూ కొన్ని గంటలు మంచి కన్నును మూసి ఎడమ కంటితో చూడనివ్వడం, ఇవన్నీ నెలల తరబడి చేయాలి. పాప ఏడుస్తుంది, మూసిన కట్టు పీకేస్తుంది. ఆ గంటల్లో తనకు నచ్చిన పని చేయనివ్వండి. ఆపరేషన్ వైద్యుల వంతు, ఈ ఓపిక ఇంటివారి వంతు. రెండోది కష్టమైనదని నాకు తెలుసు.

మొదటి రెండు వారాలు కన్ను నలపకుండా చూడడం అన్నిటికంటే ముఖ్యం. తునకలు ఊడిపోయేది అప్పుడే. రాత్రి పూట ప్లాస్టిక్ కవచం తప్పనిసరి. స్టెరాయిడ్ చుక్కలను వైద్యుడు చెప్పిన లెక్కన తగ్గిస్తూ వాడాలి. ఎర్రదనం కనిపించినప్పుడల్లా పాత చీటీ చూపించి దుకాణంలో అవే చుక్కలు కొనకండి. అవి ఒత్తిడి పెంచి, కాపాడుకున్న కన్నును మరో దారిలో పోగొడతాయి.

ఇది చదివే మిగతావారి కోసం ఒక మాట. కంట్లో సున్నం పడితే చేయాల్సింది నీళ్లతో కడగడం. వెంటనే, అక్కడే, ఏ మంచినీళ్లు దొరికితే వాటితో. క్షారం కణాల పొరల్లోని కొవ్వును సబ్బుగా మార్చుకుంటూ లోపలికి దిగుతూనే ఉంటుంది, అందుకే ప్రతి నిమిషమూ లెక్కే. కొళాయి కిందో చెంబుతోనో రెప్పలు విప్పి పట్టుకుని కనీసం అరగంట ధారగా పోయాలి. సున్నానికి నీళ్లు తగిలితే ఉడికిపోతుందన్న భయంతో నెయ్యి, ఆముదం, చనుబాలు పోసి గంటల తర్వాత నా దగ్గరికి తెచ్చినవారిని లెక్కలేనంతమందిని చూశాను. ఉడికేది తడి తగలని కాల్చిన సున్నం. తాంబూలపు సున్నం అప్పటికే నీళ్లతో విరిసినది, ఇక వేడెక్కదు. వెల్ల వేసేటప్పుడు పొడి సున్నం పడినా, కనిపించే పలుకులను తడిలేని మెత్తటి గుడ్డతో తీసేసి వెంటనే కడగడమే మార్గం. ఆ తర్వాత ఆస్పత్రికి పరుగెత్తాలి. పై రెప్పను రెండు మడతలు తిప్పి చూస్తే తప్ప కనబడని సున్నపు ముక్కలు లోపల దాక్కుని ఉంటాయి. అవి ఉన్నంతసేపూ కన్ను కాలుతూనే ఉంటుంది.

మీ అమ్మగారు ఆ రోజు నుంచి తాంబూలం మానేశారని, మనవరాలి ముఖం చూడలేకపోతున్నారని రాశారు. బొమ్మలా మెత్తగా, నొక్కబుద్ధి వేసేలా ఉండే ఆ ప్యాకెట్టు గురించి ఆమెకు ఎవరూ చెప్పలేదు. పాపను ఆస్పత్రికి తీసుకెళ్లేటప్పుడు ఆమెను కూడా వెంట తీసుకెళ్లండి. రోజుకు ఎనిమిది సార్లు చుక్కలు వేయడానికి, కన్ను మూసిన గంటల్లో కథలు చెప్పడానికి ఇంట్లో ఒక మనిషి కావాలి. మరొకటి, ఇవాళే చేయండి: పాప కుడి కంటికి పవర్ లేకపోయినా, సులువుగా పగలని పాలీకార్బొనేట్ అద్దాలు చేయించండి. బడిలో, ఆటస్థలంలో, బండి మీద వెళ్లేటప్పుడు అవి పెట్టుకోవాలి. ఎడమ కంటికి చూపు వచ్చేదాకా ఆ కుడి కన్నొక్కటే తనకు ఆధారం.